వాట్సాప్ చాట్ కోర్టుకు వెళ్లాలంటే: స్క్రీన్‌షాటా, ఎక్స్‌పోర్టా, ఫోనా?

బెదిరింపులు, అప్పు తీసుకున్నానని ఒప్పుకుంటూ పెట్టిన మెసేజ్‌లు, అడ్వాన్సు పుచ్చుకుని మాట మార్చినవాళ్ల చాట్‌లు. వీటిని ఏ రూపంలో ఇవ్వాలని చాలామంది అడుగుతున్నారు. (ఖాతాలోంచి డబ్బు ఇప్పుడే పోయి ఉంటే ఇది పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి.)

స్క్రీన్‌షాట్ బలం వేగం. పంపిన మనిషి 15 నిమిషాల్లోపు మెసేజ్ మార్చొచ్చు, రెండు రోజులు దాటాక కూడా అందరి ఫోన్లలోంచి తీసేయొచ్చు. డిసప్పియరింగ్ మెసేజ్‌లైతే 24 గంటల్లోనే మాయం కావచ్చు. కాబట్టి చూసిన వెంటనే తీయాల్సిందే. తీసేటప్పుడు చాలామంది మర్చిపోయేది నంబరు. చాట్ పైన కనిపించేది మీరు సేవ్ చేసుకున్న పేరు మాత్రమే. ఏ నంబరునైనా ఏ పేరుతోనైనా సేవ్ చేసుకోవచ్చు కదా అని అవతలి లాయరు మొట్టమొదట అడిగేది ఇదే. పేరు మీద నొక్కితే వచ్చే, నంబరున్న పేజీ కూడా తీయండి. ఒక షాట్‌లోని చివరి మెసేజే తర్వాతి షాట్‌లో మొదట ఉండాలి, తేదీ కనబడాలి. ఇంత చేసినా స్క్రీన్‌షాట్ ఒక్కటే నిలబడటం కష్టం. వాట్సాప్ వెబ్‌లో బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి, మెసేజ్‌లో మాటలు మార్చి షాట్ తీయడానికి నిమిషం చాలు.

ఎక్స్‌పోర్ట్ అంటే చాట్‌ను ఫైల్‌గా బయటికి తీయడం. అందులో మీడియా లేకుండా చివరి 40,000 మెసేజ్‌లు, మీడియాతో అయితే 10,000 వస్తాయి. లాయరు, జడ్జిగారు వరసగా చదువుకోవడానికి ఇదే సులువు. చాట్‌లో ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ ఆన్ చేసి ఉంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ కాదు. వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా దిద్దగలరు. అందుకే హ్యాష్ (ఫైల్లోని డేటా నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి కోడ్) కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో పార్ట్ ఎ మీరు, పార్ట్ బి నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి.

ఫైల్ కంప్యూటర్‌లోకి దిగగానే, తెరవకముందే, ఎస్‌హెచ్‌ఏ-256 (హ్యాష్ కట్టే ఒక పద్ధతి) వేసి ఆ 64 అక్షరాలు భద్రపరచండి. విండోస్‌లో ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్ సరిపోతుంది, ఏమీ కొననక్కర్లేదు. ఆ తర్వాత చదవడం, ప్రింట్ తీయడం అంతా కాపీ మీదే. అసలు ఫైల్లో ఒక్క స్పేస్ పడి సేవ్ అయినా విలువ మొత్తం మారిపోతుంది. కాంటాక్ట్ పేరు మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసినా అంతే, ఫైల్లో ఎక్కేది సేవ్ చేసిన పేరే కాబట్టి. ఫొటోలను గ్యాలరీలోంచి ఫొటోగా పంపితే వాట్సాప్ కుదిస్తుంది, హ్యాష్ కలవదు. డాక్యుమెంట్‌గా పంపండి.

హ్యాష్ గురించి సర్టిఫికెట్ నింపేవాళ్లు తరచూ గమనించని సంగతి ఒకటుంది. హ్యాష్ వేసిన క్షణం నుంచి ఫైలు మారలేదని అది చెబుతుంది. అంతకుముందు ఎవరూ దిద్దలేదని చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబివ్వగలిగేది ఫోన్ ఒక్కటే. అందులోని డేటాబేస్‌లో ప్రతి మెసేజూ తన సమయంతో, పంపిన ఖాతా గుర్తింపుతో ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో దానితో పోల్చి చూడొచ్చు. 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ గురించి చెప్పింది కూడా ఇదే దారి: సొంతదారు అసలు పరికరాన్నే తెచ్చి బోనులో నిలబడి, అది తనదని, తాను వాడేదని రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. నా మొగ్గు ఫోన్ వైపే.

ఫోన్ ఇవ్వడం తేలిక కాదని తెలుసు. ల్యాబ్‌కు వెళ్తే నెలలు పట్టొచ్చు, బ్యాంకు ఓటీపీలు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. కానీ ఇవ్వకముందే సాక్ష్యం చెడేది ఎక్కువగా మన చేతుల్లోనే. అదే నంబరుతో కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిస్తే పాత ఫోన్‌లో లాగౌట్ అవుతుంది. యాప్ తీసేస్తే అందులోని డేటాబేస్ పోతుంది. రీసెట్ కొట్టి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తే ఇక చేసేదేమీ లేదు. పోలీసులు తీసుకుంటే *#06# నొక్కితే వచ్చే ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ సీజర్ మెమో (స్వాధీనం చేసుకున్న వస్తువుల పత్రం)లో సరిగ్గా పడిందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. ఫోన్ తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 503 సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవచ్చు.

మరో ఫోన్‌తో చాట్‌ను స్క్రోల్ చేస్తూ వీడియో తీయడం స్క్రీన్‌షాట్ కంటే కాస్త మేలు, అంతే. గూగుల్ డ్రైవ్ బ్యాకప్ అసలు ఫోన్ పోయినవాళ్లకే పనికొస్తుంది.