తిరుపతి హాస్టల్ గదికి ఏ కెటిల్ కొనాలి?

ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో కొత్తగా చేరి, బాలాజీ కాలనీ, విద్యానగర్ వైపు ప్రైవేటు హాస్టల్లో దిగేవాళ్ల సామాను చీటీలో బకెట్టు, మగ్గు, తాళంకప్ప తర్వాత రాసుకునేది కరెంటు కెటిలే. మెస్ తొమ్మిదికి మూసేస్తారు, ఆకలి పదకొండుకు వేస్తుంది. అంగట్లో ఎక్కువగా చూపించేవి రెండు రకాలు: ఒకటిన్నర లీటరు మామూలు స్టీలు కెటిల్, వండుకోవడానికీ పనికొచ్చే, వెడల్పు మూతి ఉన్న మల్టీ కెటిల్. చాలామంది చవకని మొదటిది తెచ్చుకుని, రెండోది చేసే పనులు దానితో చేయించబోయి పాడు చేసుకుంటారు.

ముందు మామూలుదాని సంగతి. వెయ్యి లోపే వస్తుంది. సాధారణంగా 1500 వాట్లు. నిండా నీళ్లు పోస్తే ఐదారు నిమిషాల్లో మరిగి, దానంతటదే ఆగిపోతుంది. కరెంటు మరీ ఏమీ తాగదు, ఏడుసార్లు నిండా కాస్తే ఒక యూనిట్. చిక్కంతా ప్లగ్గు దగ్గర. 1500 వాట్లంటే 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మంచం పక్కన ఫోన్ ఛార్జింగుకు పెట్టిన సాకెట్టేమో 6 ఆంపియర్లది. లావు పిన్నుల ప్లగ్గు వచ్చిందంటే అందులో దూరనే దూరదు. అప్పుడు అందరూ చేసే పని కన్వర్టరో చవక ఎక్స్‌టెన్షన్ బాక్సో తగిలించడం. ఆ బాక్సుల్లో రేకులు వదులుగా ఉంటాయి. పిన్ను గట్టిగా పట్టని చోట వేడి పుట్టి, నాలుగు రోజులకే ప్లాస్టిక్ కమురు వాసన మొదలవుతుంది. అదే లైను మీద పక్క గదిలో ఎవరో ఇస్త్రీపెట్టె, ఇంకెవరో హీటర్ పెట్టారంటే ఎంసీబీ, అంటే లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చు, పడిపోతుంది. కాబట్టి గదిలో గీజర్‌కు పెట్టేలాంటి పెద్ద సాకెట్టు, అందే దూరంలో, ఉంటేనే 1500 వాట్లది కొనండి. వైరు కావాలనే పొట్టిగా ఇస్తారు, చాలావాటికి ముప్పావు మీటరు మించదు. స్విచ్‌బోర్డు గోడకు ఎత్తులో ఉంటే కింద బల్ల కావాలి. పరుపు మీద పెట్టి కాచడం మాత్రం వద్దు.

స్విచ్చు ఎలా ఆగుతుందో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. మరిగే నీటి ఆవిరి మూత దగ్గరున్న చిన్న రంధ్రం గుండా దిగి, రెండు లోహాలు అతికిన రేకును వేడి చేస్తుంది. రేకు వంగుతుంది, స్విచ్చు పడుతుంది. మూత సరిగ్గా పడకపోతే ఆవిరి బయటికే పోతుంది, నీళ్లు సలసలా కాగుతూనే ఉంటాయి. అన్నం ఇందులో ఉడకనిదీ అందుకే, పొంగు రాగానే ఆగిపోతుంది మరి. స్విచ్చుకు టేపు అంటించి ఉడికించే ఘనులు ప్రతి హాస్టల్లో ఉంటారు, వాళ్ల శిష్యరికం చేయకండి. పాలు కూడా వద్దు. అడుగున మాడి పొర కడుతుంది, పైన నురగ పొంగి కింద కరెంటు అందించే స్టాండు మీదికి కారుతుంది. నీళ్లు విడిగా కాచి పాలపొడి కలుపుకోవచ్చు. గుడ్లు మాత్రం బాగా వస్తాయి: గుడ్లు మునిగేలా నీళ్లు పోసి మరగనిచ్చి, ఆగాక మూత తీయకుండా పావుగంట వదిలేస్తే చాలు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో స్నానానికి కూడా ఇది పనికొస్తుంది. బకెట్టులో 12 లీటర్ల చన్నీళ్లుంటే రెండు కెటిళ్లు, అంటే మూడు లీటర్ల మరిగే నీళ్లు కలిపితే ఒంటికి సరిపడా వెచ్చనవుతాయి. బకెట్టులో రాడ్డు వేలాడదీసి మరిచిపోవడం కన్నా ఇది నయం.

ఇక మల్టీ కెటిల్. 1.2 లీటర్లు, 600 వాట్లది చూడండి. మూడు ఆంపియర్లు దాటదు, ఏ సాకెట్టైనా మోస్తుంది. లీటరు నీళ్లు మరగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ ఓపిక ఉండాలి. గాజు మూత, తిప్పే నాబ్, గుడ్ల తట్ట ఇస్తారు. చాలా మోడళ్లలో మరిగాక ఆగదు, నాబ్ మనమే తిప్పాలి. అందుకే మ్యాగీ, ఉప్మా, చెనిక్కాయలు ఉడికించడం అన్నీ కుదురుతాయి. రాగిజావకైతే రెండు చెంచాల పిండిని అర గ్లాసు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల్లో పోసి, సన్న సెగ మీద ఐదారు నిమిషాలు చెక్కగరిటెతో తిప్పుతూ ఉండాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. తిప్పడం మానితే నడిమధ్యన అంటుకుంటుంది, ఎందుకంటే అడుగు పల్చన, వేడంతా అక్కడే. దీని అసలు లోపం పోపు. ఆవాలు చిటపటలాడే లోపే, వేడి మించకుండా చూసే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. ఇంటినుంచి వేయించిన పోపు డబ్బాలో తెచ్చుకోవడమే దారి.

బోరు నీళ్లు వచ్చే హాస్టలైతే నెల తిరక్కుండానే అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. కాగడం ఆలస్యమవుతుంది, టీలో పెచ్చులు తేలతాయి. పీచుతో రుద్దకండి. అర లీటరు నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి, లేదా ఒక చెంచా నిమ్మఉప్పు వేసి, కాచి, అరగంట వదిలేస్తే పొర ఊడొస్తుంది. తర్వాత మంచినీళ్లు ఒకసారి మరిగించి పారబోయాలి. ఏ కెటిలైనా కొళాయి కింద ముంచి కడగకూడదు. అడుగున ఉన్న కనెక్టరులో తడి మిగిలితే షాక్ కొడుతుంది. రెండు పిన్నుల కన్వర్టరు పెడితే ఎర్తింగ్ పోతుంది, అప్పుడు లోపల కరెంటు లీకైతే స్టీలు ఒళ్లంతా కరెంటే.

కొనే ముందు వార్డెన్ను అడగండి. కొన్ని హాస్టళ్లలో కెటిల్ కనబడితే తీసేసుకుంటారు, కొన్నిచోట్ల నెలకు కొంత కరెంటు డబ్బులు అదనంగా అడుగుతారు. ఆన్‌లైన్లో వంద తక్కువకు వచ్చినా గాంధీరోడ్డు అంగళ్లలో కొనడం మేలు. ప్లగ్గు పిన్నులు కళ్లతో చూడొచ్చు, ఐఎస్ఐ గుర్తు చూసుకోవచ్చు, అక్కడే కరెంటు పెట్టి నీళ్లు కాచి చూపించమనొచ్చు. వారంటీ కార్డు మీద అంగడి ముద్ర, తేదీ వేయించుకోండి. ఖాళీ కార్డు పట్టుకుని సర్వీసు సెంటరుకు పోతే ముద్ర లేదని వెనక్కి పంపిస్తారు.