మహారాష్ట్రలోని రాజురాలో పత్తి విత్తనం కొన్న దుకాణం: 5కి 4

ఆడదాన్ని ఒక్కదాన్నే వెళ్లినా రేటు మారలేదు, అది ముందు చెప్పాలి. 2025 సీజన్‌కి 475 గ్రాముల బీజీ-2 (పురుగుని చంపే రెండు జన్యువులు చేర్చిన బీటీ పత్తి) ప్యాకెట్ ప్రభుత్వ ధర 901 రూపాయలకే ఇచ్చారు. లాట్ నంబర్ అడక్కముందే బిల్లు మీద రాశారు. బిల్లు మరాఠీలో ఉన్నా కౌంటర్ దగ్గరి అన్న తెలుగు మాట్లాడతాడు. ఇంతకుముందు ఇంకో చోట, గిరాకీ ఉన్న రకం కావాలంటే అక్కర్లేని టానిక్ డబ్బా కూడా కొనాల్సిందే అన్నారు. ఇక్కడ ఆ గొడవ లేదు.

నా ముందు ఒకాయన చోర్ బీటీ అడిగాడు, అదే, గడ్డి మందు కొట్టినా చావని పత్తి. "దానికి అనుమతి లేదు బాబాయ్. మొలవకపోతే ఎవర్ని పట్టుకుంటావ్? బిల్లే ఉండదు కదా" అన్నాడు అన్న. కలుపు కూలీలు దొరక్క జనం దానికి ఆశపడుతున్నారు, తప్పు పట్టలేను. కానీ పర్యావరణ చట్టం కింద అనుమతి లేని సరుకు అది.

ఇక విత్తనం సంగతి. 2002లో బీటీకి అనుమతి వచ్చాక శనగపచ్చ పురుగుకి మందు కొట్టే బాధ బాగా తగ్గింది, అది ఒప్పుకోవాలి. కాయ తొలిచే గులాబీ పురుగు మాత్రం బీజీ-2లోని రెండు జన్యువులకీ అలవాటు పడిపోయింది. పచ్చదోమ, తెల్లదోమ మీద బీటీ మొదట్నుంచీ పని చేయదు. ఈ మాట అమ్మేవాడే చెప్పడం నాకు నచ్చింది. ప్యాకెట్‌లో కలిపి ఉన్న నాన్-బీటీ గింజల గురించి కూడా అడిగాను. ఆ మొక్కల మీద బీటీకి లొంగే పురుగులు బతుకుతాయట, తట్టుకున్నవాటితో అవి జతకడితే మొండి సంతతి త్వరగా పెరగదట. వెనకటికి వీటిని 120 గ్రాముల విడి ప్యాకెట్‌గా ఇచ్చేవాళ్లు. ఎవరు విత్తారు గనక! "డిసెంబర్‌కల్లా కట్టె పీకెయ్యి అక్కా, ఫర్దడ్ ఉంచొద్దు" అన్నాడు. అంటే ఇంకో ఏరుడు వస్తుందని పాత చేనునే సాగదీయొద్దని. గులాబీ పురుగుకి తిండి పత్తే మరి.

ఒక స్టార్ తగ్గించింది లింగాకర్షక బుట్టల (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని లాగి పట్టేవి) ఎరల కోసం. అవసరమైనప్పుడు స్టాక్ లేదు. విత్తిన నెలన్నరకి ఎకరానికి రెండు బుట్టలు కట్టాలి, కాబట్టి విత్తనంతో పాటే తీసుకోండి. గులాబీ పురుగు ఎర అని అడిగి తీసుకోండి, ఒక్కో పురుగుకి ఒక్కోటి ఉంటుంది.