ఫారం పట్టుకుని తిరగడమా, ఊళ్ళో ఉండిపోవడమా?

పల్లెని, రైతు బతుకుని చదవడానికి సమాజశాస్త్రంలో ప్రధానంగా రెండు దారులు. ఒకటి ప్రశ్నల ఫారంతో ఇంటింటి సర్వే. రెండోది ఆ ఊళ్ళోనే నెలల తరబడి ఉండిపోవడం. 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో ఎం.ఎన్. శ్రీనివాస్ చేసింది ఈ రెండోదే.

ఆమదాలవలస దగ్గర ఒక పల్లెలో నేను ఫారం నింపుతూ "ఎంత సాగు చేస్తున్నారు?" అని ఒకాయన్ని అడిగాను. "సాగేటి బాబూ, కూలికెళ్తాం" అన్నాడాయన. అలాగే రాసుకున్నాను. అరుగు మీద భూమి ఆసామి కూర్చుని ఉన్నాడని అప్పుడు పట్టించుకోలేదు. పది రోజుల తర్వాత కళ్ళంలో ధాన్యం తూర్పారబడుతూ, చేట ఆపి, అదే మనిషి మెల్లగా చెప్పాడు: "ఎకరంన్నర కౌలుకి చేస్తన్నాను. కాగితం లేదు."

ఆంధ్రప్రదేశ్‌ 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే కార్డుకి భూమి యజమాని ఒప్పుకోవాలి. అదీ 11 నెలలకే. ఆ ఆసామి ఎదుట కౌలు మాట ఎలా వస్తుంది? నా లెక్కలో మాత్రం ఒక రైతు కూలీ అయిపోయాడు. నాకు ఇప్పటికీ బాధే.

అలాగని సర్వే వద్దనను. చెన్నైకి, హైదరాబాద్‌కి ఎన్ని ఇళ్ళ నుంచి వలస పోయారో ఒక్క ఊళ్ళో కూర్చుంటే జిల్లా మొత్తానికి తేలదు. 1950ల మొదట్లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట అనే ఒక్క ఊరిని చదవడానికే సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఒక బృందంతో వెళ్ళారు. టైముంటే నేను మాత్రం ముందు ఊళ్ళో ఉంటాను, ఫారం తర్వాత రాస్తాను.