డ్రై స్కిన్‌కి రెండున్నరేళ్లుగా సెరావే మాయిశ్చరైజింగ్ క్రీమ్ వాడుతున్నా, నా అనుభవం ఇదీ

మాది కాకినాడ. అక్కడున్నన్నాళ్లూ మొహానికి ఏమీ రాసుకోకపోయినా నడిచిపోయేది, సముద్రపు గాలి, ఏడాది పొడుగునా చెమట, పండక్కి అమ్మ నలుగు పెట్టి తలంటితే చాలు మొహం మెరిసిపోయేది. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన మొదటి డిసెంబర్లోనే తెలిసింది నాది అసలు డ్రై స్కిన్ అని. స్నానం చేసి తుడుచుకునేలోపే బుగ్గలు బిగుసుకుపోయేవి, నవ్వితే పెదవుల పక్కన చర్మం లాగేది, చేతి మీద గోరుతో గీస్తే పలక మీద బలపంతో గీసినట్టు తెల్లగా గీత పడేది. రాత్రి బొట్టుబిళ్ల తీస్తే దాని జిగురుకి సన్నగా పొట్టు అంటుకొని వచ్చేది, అది చూసి నిజంగా భయమేసింది నాకు.

కారణాలు తర్వాత ఒక్కొక్కటీ అర్థమయ్యాయి. హైదరాబాద్ సముద్రానికి దూరం, చలికాలం గాలిలో తేమ బాగా తగ్గిపోతుంది, దానికి తోడు ఆఫీసులో తొమ్మిది గంటలు ఏసీ, ఇంట్లో బోరు నీళ్లు, ఆ ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, వచ్చిందేమో సరిగ్గా పోదు, చర్మం మీద పొరలా ఉండిపోతుంది. చలి కదా అని నేను గీజర్ ఫుల్లుగా పెట్టి పొగలు కక్కే నీళ్లతో ఇరవై నిమిషాలు స్నానం చేసేదాన్ని. ఇంక చర్మంలో ఉన్న కాస్త నూనె కూడా ఏం మిగులుతుంది.

అమ్మకి ఫోన్లో చెప్తే "కొబ్బరి నూనె రాసుకోవే, మీ అమ్మమ్మ జీవితాంతం అదే రాసుకుంది" అంది. రాశా. కాళ్లకీ చేతులకీ బ్రహ్మాండంగా పనిచేసింది, ఇప్పటికీ స్నానానికి ముందు కాళ్లకి అదే రాస్తా, కానీ మొహానికి మాత్రం పది రోజుల్లో నుదుటి మీద సన్న సన్న గింజల్లా వచ్చేశాయి. కొబ్బరి నూనె కొంతమందికి రంధ్రాలు మూసేస్తుందని అప్పటికి నాకు తెలీదు. తర్వాత మీగడలో సున్నిపిండి కలిపి రుద్దా, అప్పటికే పొట్టు లేస్తున్న చర్మాన్ని రుద్దకూడదు అనే ఆలోచనే రాలేదు, రెండు బుగ్గలూ ఎర్రగా కందిపోయాయి. ఆ తర్వాత వీడియోల్లో అందరూ తెగ పొగుడుతున్నారని ఒక జెల్ టైపు మాయిశ్చరైజర్ కొన్నా, పేరు చెప్పను, రాయగానే చల్లగా హాయిగా ఉండేది, అరగంటకల్లా ముందుకంటే ఎక్కువ లాగేది, మూడో రోజు రాత్రి రాస్తే మంటకి నిద్ర పట్టలేదు. వెనక లిస్టు చూస్తే నీళ్ల తర్వాత రెండోది ఆల్కహాల్ డీనాట్, అంటే ఇట్టే ఆవిరైపోయి చర్మాన్ని ఆరబెట్టే రకం ఆల్కహాల్, చివర్లో సెంటు. ఆయిలీ స్కిన్ వాళ్లకి అది బానే ఉండొచ్చు, నాలాంటి వాళ్లకి కాదు.

అప్పుడు వెళ్లా స్కిన్ డాక్టర్ దగ్గరికి. ఆవిడ ఏ క్రీమ్ వాడుతున్నారు అని అడగలేదు ముందు. ఏ సబ్బు, నీళ్లు ఎంత వేడి, స్నానం అయ్యాక ఎంతసేపటికి రాస్తారు, ఇవి అడిగారు. నేను టిఫిన్ చేసి, చీర కట్టుకుని, బయల్దేరే ముందు రాస్తానని చెప్పా, అంటే స్నానం అయిన ముప్పావుగంటకి. "ఎంత రాస్తారో తీసి చూపించమ్మా" అని టేబుల్ మీదున్న ట్యూబ్ ఇచ్చారు. నేను శనగగింజంత తీశా. ఆవిడ నా చూపుడు వేలు పట్టుకుని, కొస నుంచి మొదటి గీత దాకా క్రీమ్ గీతలా పిండి, "ఇది అర గ్రాము, మొహానికీ మెడకీ కలిపి ఇలాంటివి రెండున్నర కావాలి" అన్నారు. నా వేలి మీద ఉన్న ఆ తెల్లటి గీతా, పక్కన నేను తీసిన శనగగింజా, రెండూ చూస్తే ఇన్నాళ్లూ నేను చేసిందేంటో అర్థమైపోయింది. లెక్క వేసుకోండి, పూటకి గ్రాముంపావు, రెండు పూటలా రెండున్నర గ్రాములు, అంటే 50 గ్రాముల డబ్బా 20 రోజుల్లో అయిపోవాలి. నాకు నాలుగు నెలలొచ్చేది! అందుకే డ్రై స్కిన్ వాళ్లు చిన్న ఫ్యాన్సీ డబ్బాల జోలికి పోకుండా, ధైర్యంగా తీసి రాసుకోగలిగే పెద్ద సైజు, సాదా క్రీమ్ కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆవిడ రెండు మూడు పేర్లు రాసిచ్చారు, అందులో నేను సెరావే మాయిశ్చరైజింగ్ క్రీమ్ తీసుకున్నా, 340 గ్రాముల డబ్బా. ఇది అమెరికాలో 2005లో మొదలైన బ్రాండు, ఇప్పుడు లోరియల్ వాళ్లది. పేరులో సెరా అంటే సెరమైడ్. మన చర్మం పై పొరని ఇటుకల గోడ అనుకుంటే ఇటుకల మధ్య సిమెంటులాగా కొవ్వులుంటాయి, అందులో దాదాపు సగం సెరమైడ్లే, మిగతాది కొలెస్ట్రాలూ ఫ్యాటీ యాసిడ్లూ. ఆ సిమెంటు రాలిపోతే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి పోయి మంట పెడతాయి. ఈ క్రీమ్‌లో మూడు రకాల సెరమైడ్లు, కొలెస్ట్రాల్, గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్, డైమెథికోన్, పెట్రోలేటం ఉన్నాయి. పెట్రోలేటం అంటే వాజిలీనే. లేబుల్ మీద పదార్థాలు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు, ఇందులో నీళ్ల తర్వాత రెండోది గ్లిజరిన్, సెంటు లేదు. సీటైల్ ఆల్కహాల్, సీటియరిల్ ఆల్కహాల్ అని కనిపిస్తే కంగారు పడకండి, అవి మెత్తగా మైనంలా ఉండే కొవ్వు ఆల్కహాల్స్, చర్మాన్ని ఆరబెట్టవు, నన్ను మండించిన డీనాట్ వేరు ఇవి వేరు. ఈ తేడా తెలీక నేను షాపులో మంచి క్రీములు కూడా వెనక్కి పెట్టేసిన రోజులున్నాయి.

వాడే పద్ధతి చెప్తా, నా ఉద్దేశంలో క్రీమ్ కంటే ఇదే ఎక్కువ పనిచేసింది. ముందు సబ్బు మానేశా, మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె) తొమ్మిది పది ఉంటుంది, చర్మానిది ఐదు దగ్గర, అందుకే రాత్రి ఒక్కసారి నురగ రాని క్లెన్సర్, పొద్దున్న ఉత్త నీళ్లు, అవి కూడా గోరువెచ్చగా. బాత్రూమ్‌లోనే డబ్బా పెట్టుకున్నా. మొహం టవల్‌తో అద్దుతా, రుద్దను, చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడే, రెండు మూడు నిమిషాల్లోపు, క్రీమ్ ఐదారు చోట్ల చుక్కలు పెట్టి పరిచేస్తా. తడి మీద రాస్తే క్రీమ్ బాగా పాకుతుంది, పైగా ఆ నీళ్లు లోపలే ఉండిపోతాయి. ఆరిపోయిన మొహం మీద ఇదే క్రీమ్ రాసి చూడండి, పైన తెల్లగా మందంగా కూర్చుంటుంది, చాలామంది ఈ క్రీమ్ జిడ్డు అనేది అందుకేనేమో అనిపిస్తుంది నాకు. బయటికెళ్లేటప్పుడు పది నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్, ఆగకుండా రాస్తే ఉండలు ఉండలుగా లేచొస్తుంది. డబ్బాలో తడి వేలు పెట్టను, చిన్న ప్లాస్టిక్ స్పూన్ వేసుకున్నా.

మొదటి రెండు రోజులు పగిలిన చోట కాస్త చురుక్కుమంది, పగిలిన చర్మం మీద చాలా క్రీములు అంతే. వారంలో పొట్టు ఆగింది. లాగడం ఆగడానికి మూడు వారాలు పట్టింది, ఎరుపు తగ్గడానికి రెండు నెలలు. ఈ రెండు నెలలూ ఓపిక పట్టడమే కష్టం, మధ్యలో ఎవరో ఏదో సీరమ్ అన్నారని నేనూ కొనేశా, హైలురోనిక్ యాసిడ్ సీరమ్, దాన్ని ఒక్కదాన్నే రాసి ఏసీలో కూర్చుంటే ఇంకా లాగింది. అది నీళ్లని పట్టుకునే పదార్థం, పైన మూత వేయకపోతే పట్టుకున్న నీళ్లు గాలిలోకి పోతాయి. పైన క్రీమ్ రాస్తే బానే ఉంది, కానీ క్రీమ్‌లోనే అది ఉన్నప్పుడు విడిగా ఎందుకని ఆ సీసా అయిపోయాక మళ్లీ కొనలేదు.

అసలు పరీక్ష ఆదిలాబాద్‌లో జరిగింది. నిరుడు చలికాలం ఆఫీస్ పని మీద నెలన్నర అక్కడున్నా, తెలంగాణలో చలి అంటే ఆదిలాబాదే కదా, పొద్దున్నే టెంపరేచర్ సింగిల్ డిజిట్‌కి పడిపోయేది, స్కూటీ మీద వెళ్తే గాలి మొహానికి కోసినట్టు తగిలేది. అక్కడ క్రీమ్ ఒక్కటే సరిపోలేదు, రాత్రి క్రీమ్ రాశాక పైన ముక్కు పక్కలా, పెదవుల చుట్టూ, బుగ్గల మీద వాజిలీన్ చాలా పల్చగా, రెండు వేళ్ల మధ్య కరిగించి అద్దేదాన్ని. వాజిలీన్‌లో నీళ్లుండవు, తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు అంతే, అందుకే ఎప్పుడూ క్రీమ్ పైనే, పొడి చర్మం మీద ఉత్తది రాస్తే జిడ్డుగా ఉంటుందే తప్ప లోపల లాగుతూనే ఉంటుంది. తోటి వాళ్లందరికీ బుగ్గలు పగిలాయి, నాకు పెదవులు తప్ప ఎక్కడా పగల్లేదు, అదీ నీళ్లు తక్కువ తాగి నాలుకతో తడుపుకోవడం వల్ల.

ఎండాకాలం సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో పగలు నాకు ఇంత బరువు క్రీమ్ అక్కర్లేదు, అదే బ్రాండు లోషన్ పల్చగా రాసి సన్‌స్క్రీన్ వేస్తా, క్రీమ్ రాత్రికి మాత్రమే. జూన్‌లో వానలు పడ్డాక ఇంకా తగ్గిస్తా. క్యాలెండర్ చూసి కాదు, స్నానం అయ్యాక ఐదు నిమిషాలు ఏమీ రాయకుండా ఆగి బుగ్గ లాగుతోందా లేదా చూసుకుని మార్చుకుంటా.

ఖరీదు కాస్త ఎక్కువే అనిపిస్తుంది డబ్బా కొనేటప్పుడు. కానీ రెండు పూటలా రాసినా నాలుగున్నర నెలలొస్తుంది, ఇప్పుడు నాది ఆరో డబ్బా, అంతకుముందు నేను కొని సగం సగం వదిలేసిన సీసాల డబ్బులు లెక్కేస్తే ఇదే చౌక. అంత పెట్టలేమనుకునే వాళ్లు బాధపడక్కర్లేదు, గ్లిజరిన్ ముందు వరసలో ఉండి సెంటు లేని ఏ మామూలు క్రీమైనా తడి మొహం మీద, సరిపడా, రెండు పూటలా రాసి పైన వాజిలీన్ అద్దినా చాలా వరకు పని జరుగుతుంది. మా రూమ్మేట్ అలాగే చేసింది, నా కళ్లతో చూశా. ఏది కొన్నా ముందు చెవి వెనకాలో మోచేతి లోపలో నాలుగైదు రోజులు రాసి చూడండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పొట్టు రాలే ప్రతిదీ డ్రై స్కిన్ కాదు. మా మరిదికి కనుబొమ్మల్లో, ముక్కు పక్కన పసుపుగా జిడ్డుగా పొట్టు వచ్చేది, నా డబ్బాలోది తీసుకుని రాస్తూ పోయాడు, తగ్గలేదు, డాక్టర్ చూసి అది సెబోరిక్ డెర్మటైటిస్ అనే వేరే చర్మ సమస్య అని చెప్పి, కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు రాసిస్తే తగ్గింది. మా పిన్నికి ఉన్నట్టుండి ఒళ్లంతా పొడిబారిపోతే టెస్టులో థైరాయిడ్ అని తేలింది. ఇక మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబులు, రాయగానే మొహం నున్నగా తెల్లగా అయిపోతుంది, ఒకసారి పేరు చదవండి, బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు, డాక్టర్ చెప్పకుండా మొహానికి రాయకూడదు. నాతో పనిచేసే అమ్మాయి ఏడాది రాసింది, చర్మం పల్చబడి ఎర్ర నరాలు పైకి కనిపించాయి, మానేస్తే మంట, ఎండలోకి వెళ్తే మంట, పాపం ఆరు నెలలు మొహానికి చున్నీ కట్టుకుని వచ్చేది ఆఫీసుకి. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్తూ డబ్బా పట్టుకెళ్లా. అక్కడ ఒక్క పూట రాస్తే సరిపోయింది నాకు. అమ్మ రెండు రోజులు చూసి చూసి "ఏదీ, నా మడమలకి కూడా కాస్త పెట్టు" అంది, రాత్రి పూట కాళ్లు కడిగి తడి మీద నేనే రాసి సాక్సులు తొడిగా. వచ్చేటప్పుడు ఆ సగం డబ్బా అక్కడే వదిలేసి వచ్చా.