9 ఎంఎం 1ఏ పిస్తోలు: ఉప్పుగాలి ప్రాంతపు సర్వీసులో దాని పనితనం, దాని స్థానంలో రావలసినది

మన సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ దశాబ్దాలుగా నడుస్తున్న 9 ఎంఎం 1ఏ పిస్తోలు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. దీనికి మూలం బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్ 1935లో తెచ్చిన బ్రౌనింగ్ హై పవర్. కాకినాడ, అమలాపురం, నరసాపురం వైపు ఆయుధాగారాల్లో ఈ పిస్తోలును విప్పి, తుడిచి, బాగుచేసి ఉద్యోగం చేసినవాడిగా దీని మంచిచెడ్డలు రెండూ చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. పిడి చేతికి చక్కగా అమరుతుంది, ఒంటి నిండా ఉక్కు కావడం వల్ల కాల్చినప్పుడు పైకి అంతగా ఎగరదు, మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల పెట్టెలో) 13 రౌండ్లు, అంటే తూటాలు, పడతాయి. ఆరు గుండ్ల వెబ్లీ రివాల్వర్ మోసినవారికి ఇది పెద్ద మార్పే. అయితే రివాల్వర్‌లో రౌండు పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తరువాతి రౌండు ముందుకు వచ్చేది; ఇందులో స్లైడ్‌ను (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ కదిలే ఉక్కు భాగాన్ని) రెండో చేత్తో వెనక్కి లాగాలి. పాతతరం వారు రివాల్వర్‌ను వదలలేకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

అసలు చిక్కు వయసుతో వస్తుంది, డెల్టాలో అది త్వరగా వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో తోలు హోల్‌స్టర్ (నడుముకు కట్టే పిస్తోలు ఒర) తేమను పీల్చుకొని ఆరదు. దానిలో రాత్రంతా ఉన్న పిస్తోలును తీసి చూస్తే స్లైడ్‌కు తోలు ఆనిన చోటనే, నల్లపూత అరిగిన అంచు వెంబడి, ఎర్రటి పొడి కనిపిస్తుంది. అది నూనెగుడ్డతో తుడిస్తే పోతుంది. పిడి చెక్కల కింద, ఫైరింగ్ పిన్ (తూటాను గుద్ది పేల్చే సూది) రంధ్రంలో చేరే తుప్పు మాత్రం విప్పితే తప్ప కంటపడదు. ఏళ్ల తరబడి రౌండ్లు నింపి ఉంచిన పాత మ్యాగజైన్ల స్ప్రింగులు సడలి, చివరి రౌండ్లు పైకి రాక ఇరుక్కుంటాయి. ఇలాంటి పిస్తోలును చెడిందని పక్కన పెట్టేస్తారు గాని, చాలాసార్లు దానికి కావలసింది కొత్త స్ప్రింగు మాత్రమే.

ఇతర దేశాలు ఈ దశను దాటాయి. బ్రిటన్ సైన్యం 2013లో హై పవర్‌ను తీసివేసి గ్లాక్ 17 ఎంచుకుంది. అమెరికా సైన్యం 1985 నాటి బెరెట్టా ఎం9 స్థానంలో 2017లో సిగ్ కంపెనీ పీ320 పిస్తోలు రూపాంతరాన్ని తీసుకుంది. అదే సంవత్సరం పౌరులకు అమ్మిన పీ320 కొన్ని కోణాల్లో కింద పడితే పేలవచ్చని తేలి, కంపెనీ మార్పులు చేయవలసి వచ్చింది. అంత పేరున్న తయారీలోనే ఇలా జరిగినప్పుడు, కిందపడేసి చూసే పరీక్షను ఏ కొనుగోలు కమిటీ కూడా కాగితంపై ముగించకూడదు.

మన తీరానికి నా ఓటు గ్లాక్ 17 తరహా పిస్తోలుకే. ఖాళీగా సుమారు 630 గ్రాములు, 17 రౌండ్లు, తుప్పు పట్టని పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) చట్రం. కాని దీనికి బయట సేఫ్టీ మీట లేదు. రక్షణంతా ట్రిగ్గర్‌లోనూ లోపలి భాగాల్లోనూ ఉంటుంది. పైగా విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. మ్యాగజైన్ తీసేస్తే పేలని 1ఏకి అలవాటుపడిన కానిస్టేబుల్, ఛాంబర్‌లో (పేలే ముందు రౌండు కూర్చునే గదిలో) రౌండు మిగిలి ఉండగా గ్లాక్ మ్యాగజైన్ తీసి అదే ధీమాతో ట్రిగ్గర్ నొక్కితే ప్రాణం పోవచ్చు. కాబట్టి ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి చూసే అలవాటు చేతికి ఎక్కేవరకు డ్రై ప్రాక్టీస్ (రౌండ్లు లేకుండా సాధన) చేయించనిదే ఈ ఆయుధాన్ని ఎవరి నడుముకూ కట్టకూడదు. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

కొనుగోలు ఆర్డరులో పిస్తోలుతో పాటు అదనపు మ్యాగజైన్లు, రికాయిల్ స్ప్రింగులు (కాల్చాక స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టేవి), నీరు పీల్చని హోల్‌స్టర్లు, ఏటా సాధనకు చాలినన్ని రౌండ్లు రాసి ఉండాలి. మొదటి విడత గన్‌మెన్లకు ఇవ్వాలి, ఎందుకంటే ఆయుధం రోజంతా చెమటకూ వానకూ తడిసేది వారి నడుము మీదనే. రెండు పిస్తోళ్లదీ ఒకే 9 ఎంఎం రౌండు కనుక నిల్వలు మార్చే పని లేదు. బారెల్ బాగున్న 1ఏలకు స్ప్రింగులు మార్చి స్టేషన్ గార్డుకు ఉంచుకోవచ్చు, బారెల్ అరిగినవాటిని మాత్రం జమ చేసేయాలి.