ఈక్యూ ఎనర్జీ: తీవ్రత చెప్పని శక్తి లెక్క

భూకంపం రాగానే వార్తల్లో వినిపించేది తీవ్రత ఒక్కటే. అయితే శాస్త్రవేత్తలు వాడే మొమెంట్ తీవ్రత అనేది భ్రంశం (భూమి లోపలి పగులు) ఎంత విస్తీర్ణంలో, ఎంత మేర జారిందన్నదానిపై ఆధారపడిన అంకె. ఆ జారుడులో ఎంత శక్తి తరంగాలుగా వెలువడిందో అది నేరుగా చెప్పదు. ఆ రెండో లెక్కను ఉచితంగా చూపడానికి అమెరికాలోని ఐరిస్ అనే భూకంప పరిశోధన సంస్థ డేటా కేంద్రం రూపొందించిన సేవే ‘ఈక్యూ ఎనర్జీ’. దీనికి ఆధారం కాన్వర్స్, న్యూమన్ అనే పరిశోధకుల పద్ధతి.

భూకంప కేంద్రానికి 25 నుంచి 80 డిగ్రీల దూరంలో (భూమి చుట్టుకొలత మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111 కి.మీ.) నమోదైన పి తరంగాలను, అంటే అన్నిటికన్నా ముందు చేరే తరంగాలను తీసుకుని, నేల కదిలిన వేగపు వర్గాన్ని కాలంతో సమాకలనం చేసి (క్షణక్షణం విలువలను కూడి), దారిలో భూగర్భం పీల్చుకున్న భాగాన్ని తిరిగి కలిపి, శక్తిని జౌళ్లలో లెక్కిస్తారు. అధిక పౌనఃపున్యాల (వేగంగా కంపించే తరంగాల) శక్తిని విడిగా కూడా చూపుతారు. అది సెకను సెకనుకూ పెరుగుతూ ఎక్కడ ఆగిందో చూస్తే చీలిక ఎంతసేపు సాగిందో అంచనాకు వస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ భాగమే.

ఎందుకంటే 2010 అక్టోబర్ 25న ఇండోనేషియాలోని మెంతవాయి దీవుల వద్ద వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో చీలిక నెమ్మదిగా సుమారు రెండు నిమిషాలు సాగింది. వెలువడిన శక్తి ఆ తీవ్రతకు ఉండవలసిన దానికన్నా బాగా తక్కువ. తీరవాసులకు పెద్ద కుదుపు తెలియలేదు, కానీ సునామీ 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. శక్తికీ మొమెంట్‌కూ (మొమెంట్ తీవ్రతకు మూలమైన జారుడు పరిమాణానికీ) ఉన్న నిష్పత్తి ఇలాంటి భూకంపాలను వేరుచేసి చూపుతుంది. 2004 సునామీని చూసిన కోస్తా ఆంధ్ర వారికి ఇది దూరపు విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. పక్కకు జారే భ్రంశాల నుంచి దూర కేంద్రాలకు చేరే పి తరంగాలు బలహీనంగా ఉంటాయి కాబట్టి, 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమట వచ్చిన 8.6 తీవ్రత భూకంపం లాంటి వాటి అంచనాలను జాగ్రత్తగా చదవాలి. పైగా ఈ సేవలోని భూకంపాల జాబితా తీవ్రత 6 దగ్గర మొదలవుతుంది. 2024 డిసెంబర్ 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం ఆ హద్దుకు కిందే ఉంది. అంత చిన్న సంకేతం వేల కిలోమీటర్ల దూరంలో విడిగా తేలదు గనుక ఆ హద్దు న్యాయమైనదే. అయినా దగ్గరి కేంద్రాల నమోదులతో మన మధ్యస్థ భూకంపాలకూ ఇలాంటి పట్టిక ఒకటి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.