ఫెయిత్ రింగోల్డ్ 'డై': మోమాకి వెళితే దీని ముందు అరగంట ఆగండి

న్యూయార్క్‌లో 53వ వీధిలోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి (అందరూ మోమా అంటారు) వెళ్లేవాళ్లు చాలామంది వాన్‌గో గది కోసం పరుగెడతారు. వెళ్లండి. కానీ నల్లజాతి అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ గీసిన 'అమెరికన్ పీపుల్ సిరీస్ 20: డై' (డై అంటే చావడం) చూడకుండా బయటికి రాకండి.

ఇది 1967 నాటి బొమ్మ. ఆ జులైలో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌లో ఒక నల్లజాతి టాక్సీ డ్రైవర్‌ని పోలీసులు కొట్టడంతో ఊరు భగ్గుమంది, 26 మంది పోయారు. నెలాఖరుకి డెట్రాయిట్‌లో పోలీసుల సోదాతో రాజుకున్న తిరుగుబాటులో 43 మంది పోయారు. అయినా ఈ బొమ్మలో పోలీసు లేడు, లాఠీ లేదు, తగలబడే దుకాణం లేదు. చక్కగా ముస్తాబైన తెల్లవాళ్లూ నల్లవాళ్లూ నెత్తురోడుతూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒకడి చేతిలో కత్తి, ఇంకొకడి చేతిలో తుపాకి. మొదలెట్టిందెవరో ఎంత వెతికినా తేలదు. పోలీసుని గీసుంటే తప్పంతా వాడి నెత్తిన రుద్ది మనం పక్కకి తప్పుకునేవాళ్లం. ఆ వీలు రింగోల్డ్ ఇవ్వలేదు.

వెనకాల ఆకాశం లేదు, తలుపు లేదు, సందు లేదు. కాలిబాట బండల్లా బూడిదరంగు గళ్లు, అంతే. పారిపోయేవాళ్లకి పోవడానికి చోటే లేదు. యుద్ధ బీభత్సం మీద పికాసో గీసిన పెద్ద బొమ్మ 'గెర్నికా' అప్పట్లో ఈ మ్యూజియంలోనే ఉండేది. రింగోల్డ్ దాన్ని ఇక్కడే శ్రద్ధగా చూశారు. అందులో బొమ్మంతా నలుపు, తెలుపు, బూడిదే. ఇందులో బూడిదరంగు వెనక్కి వెళ్లి, నెత్తురు ఎర్రగా ముందుకొచ్చింది.

మధ్యలో ఇద్దరు పిల్లలు, నల్ల అమ్మాయీ తెల్ల అబ్బాయీ, ఒకర్నొకరు వాటేసుకుని ముడుచుకున్నారు. ఇంత గొడవలో ఒకర్నొకరు గట్టిగా పట్టుకున్నది వాళ్లే. అక్కడ కాసేపు నిలబడండి.

బొమ్మ 6 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు. రెండు కాన్వాసులు పక్కపక్కన చేర్చిన తైలవర్ణ చిత్రం. ముందు పన్నెండు, పదిహేను అడుగుల దూరం నుంచి మొత్తం చూసి, తర్వాత దగ్గరికెళ్లి ఎడమ నుంచి కుడికి నడవండి. దూరం నుంచి గుంపుగా ఉన్నది దగ్గరికొచ్చేసరికి మొహాలుగా విడిపోతుంది. ఫోన్‌లో వైడ్ లెన్స్ వాడితే అంచుల్లోని మనుషులు సాగిపోతారు కాబట్టి వెనక్కి జరిగి మామూలు లెన్స్‌తోనే తీయండి. ఫ్లాష్ వాడనివ్వరు.

2019లో దీన్ని పికాసో 'అవిన్యో యువతులు' పక్కన వేలాడదీశారు. మంచి పని. కాకపోతే పక్కన అంత పేరున్న బొమ్మ ఉంటే జనం దీన్ని దాటేసి పోతారు. దీనికి ఒక గోడ విడిగా ఇవ్వాలని నా అభిప్రాయం. బొమ్మల చోటు మారుస్తుంటారు, ఒక్కోసారి దింపేస్తారు కూడా. టికెట్ కొనేముందు వెబ్‌సైట్‌లో ఇది ప్రదర్శనలో ఉందో లేదో చూసుకోండి. పెద్దలకి 30 డాలర్లు, 16 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకి ఉచితం. చిన్నపిల్లల్ని తీసుకెళితే నెత్తురు గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ప్రింట్ కొనేవాళ్లు కొలత చూసుకోవాలి: వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెండింతలుండాలి. 24 అంగుళాల వెడల్పుంటే ఎత్తు 12. అంతకంటే ఎక్కువ ఎత్తుంటే పక్కలు కోసేశారనో, పైకి సాగదీశారనో అర్థం. అంచుల దాకా కిక్కిరిసిన మనుషుల్ని కత్తిరిస్తే ఈ బొమ్మలో ఊపిరాడనితనం పోతుంది.